పైకప్పు బాగాలేదని రాసే వాక్యం

ఓదెలు పోయి మూడు నెలలైంది. పదో రోజున వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అతని మనవరాలు వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ అమ్మాయికి ఈమధ్యే ఒక హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా ఉద్యోగం వచ్చింది. తాతకు టెన్సులు మీరే చెప్పారట, ఎలా చెప్పేవారు సార్ అని అడిగింది. నలుగురూ వచ్చిపోతున్న ఇంట్లో చెప్పగలిగిన సంగతి కాదు. రాసి ఇస్తానని చెప్పి వచ్చాను. రాయడం మొదలుపెట్టాక, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళెవరైనా చదవవచ్చుననిపించింది.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పాను. అందులో ఎక్కువ కాలం గోదావరిఖనిలోనే. ఏ స్కేలులో చేరాను, ఎప్పుడు హెడ్మాస్టరునయ్యాను అనేవి ఎవరికీ పనికిరావు. ఆ వివరాలు వదిలేస్తున్నాను. మా గని పేరూ, అప్పటి అధికారుల పేర్లూ రాయడం లేదు. ఒక తరగతి, అందులోని ఇద్దరు మనుషులు, నేను చేసిన తప్పులు రాస్తే చాలు.

పన్నెండు గళ్ళ పటం

అరవైల మొదట్లో నేను రామగుండం స్టేషన్లో దిగినప్పుడు నా సామానులో ఒక గుడ్డ పటం ఉంది. ఇంగ్లీషు క్రియాపదం రూపాలన్నీ దానిమీద గీసి పెట్టుకున్నాను. నిలువున మూడు కాలాలు, అడ్డంగా నాలుగు తీరులు, మొత్తం పన్నెండు గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో రంగు సిరా. బడిలో దాన్ని గోడకు తగిలించి వరసగా వల్లె వేయించేవాణ్ణి. పిల్లలు బాగానే అప్పజెప్పేవారు. నాకు చదువు చెప్పడం వచ్చుననుకున్నాను.

అరవైల చివర గని వాళ్ళ కోసం ఒక తరగతి పెట్టారు. బొగ్గు నింపే కార్మికుడు పైకి రావాలంటే ముందు సర్దార్ పరీక్ష పాస్ కావాలి. ఆపైన, సర్దార్ల మీద అజమాయిషీ చేసే ఓవర్‌మన్ పరీక్ష. సర్దార్ అంటే ఒక షిఫ్టులో గనిలోని ఒక భాగానికి జవాబుదారీ మనిషి. మనుషులు పనిచేసే ప్రతిచోటికీ నడిచి వెళ్ళాలి. చేతికర్రతో పైకప్పును తట్టి చప్పుడు వినాలి. గట్టి చప్పుడైతే మంచిది, బోలు చప్పుడైతే బండ విడిపోతున్నట్టు. షిఫ్టు అయ్యాక చూసినదంతా ఒక పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. వచ్చే షిఫ్టు సర్దార్ అది చదివి, తన సంతకం పెట్టి, మనుషులను లోపలికి పంపుతాడు. ఆ పుస్తకం ఇంగ్లీషులో రాయడం మా దగ్గర ఆనవాయితీ. అందుకే నన్ను పిలిచారు.

మొదటి షిఫ్టు మూడింటికి వదిలేది. నాలుగున్నరకు తరగతి. రేకుల షెడ్డు, ఎండాకాలమైతే పలక పట్టుకున్న చేతికి కూడా చెమట పట్టేది. వాళ్ళు స్నానం చేసి, తల దువ్వుకుని, కనురెప్పల అంచున మాత్రం బొగ్గు మిగుల్చుకుని వచ్చేవారు. మొదటి రోజు పటం తగిలించి, గళ్ళు ఒక్కొక్కటీ చూపించాను. ముందు బెంచీలో కూర్చున్న బక్కపలచటి మనిషి చేయెత్తాడు. అతనే ఓదెలు. అప్పటికి పాతికేళ్ళుంటాయి.

"మాకు మూడు షిఫ్టులే గద సార్. ఇంగ్లీషోనికి పన్నెండెట్లయినయి?"

షెడ్డంతా నవ్వింది. నేను నవ్వలేదు. వెటకారం అనుకుని, వరస తప్పకుండా వల్లె వేయించాను. అది మంచి ప్రశ్న అని తెలియడానికి నెల పట్టింది. ఒక భాషకు అన్ని రూపాలు దేనికి, ఒక్కో రూపం ఏ పనికి వస్తుంది అని అతను అడిగాడు. నేను గళ్ళ పేర్లు చెప్పాను.

నెల తర్వాత పటం చుట్టి పక్కన పెట్టాను. వాళ్ళ రోజునే అడిగి చెప్పించడం మొదలుపెట్టాను. నీళ్ళు ఇప్పుడు కారుతున్నాయా, రోజూ కారుతాయా, నిన్న కారాయా? వాళ్ళకు ఈ తేడాలు ప్రాణం మీది సంగతులు, కాబట్టి రూపాలు వాటంతట అవే కుదురుకున్నాయి. అన్నిటికన్నా కష్టమైంది 'హావ్' పెట్టి చెప్పే రూపం. పని నిన్నటిదైనా మాట ఇప్పటిది అన్న సంగతి ఎన్ని విధాల చెప్పినా అందలేదు. చివరికి మన మాటతోనే చెప్పాను. ఇంటికొచ్చిన మనిషిని అన్నం తిన్నవా అని అడుగుతాం. ఎప్పుడో తిన్న అన్నం గురించి అడగం. ఇప్పుడు నీ కడుపు సంగతేమిటి అని అడుగుతాం. అలాగే, రూఫ్ చూశాను అని 'హావ్' పెట్టి రాస్తే, చూసిన పనికీ ఈ నిమిషానికీ సంబంధం ఉందన్నమాట. దానికి నేను పూచీ అని. ఆ రోజు వాళ్ళ ముఖాలు చూసి, నేను ఈ పనికి పనికొస్తానని మొదటిసారి నమ్మకం కలిగింది.

కనకయ్య అడిగినవి

వెనక బెంచీలో కనకయ్య కూర్చునేవాడు. ఓదెలు అక్క లస్మక్కను చేసుకున్నవాడు. ఓదెలును గనిలో పనికి పెట్టించిందీ, తరగతికి లాక్కొచ్చిందీ అతనే. ముప్ఫై అయిదు దాటినవాడు, తక్కువ మాట్లాడేవాడు. అతని ప్రశ్నలు ఇంటికి పోయాక కూడా నన్ను వదిలేవి కావు. నేను వ్యాకరణ పుస్తకాలు చాలా చదివాను. అతను అడిగినవి కొన్ని వాటిలో లేవు.

ఒకరోజు రేపటి సంగతులు చెప్పే రూపం నేర్పుతున్నాను. కనకయ్య లేచాడు.

"రోజు పోయేటోడు బాయికి పోత అంటడు. రేపు పోయేటోడు గూడ బాయికి పోత అంటడు. ఇంగ్లీషుల రెండిటికి రెండు మాటలెందుకు సార్?"

మా వైపు గనిని బాయి అనే అంటారు. అలవాటు వేరు, ఇంకా జరగనిది వేరు అని ఇంగ్లీషువాళ్ళు విడదీస్తారని చెప్పాను. అతను కూర్చోలేదు.

"అంటె రోజు పోతున్నం గనుక రేపు గూడ పోతమని వాళ్ళు నమ్మరన్నట్టు."

"నువ్వు నమ్ముతవా బావా?" అన్నాడు ముందు బెంచీ నుంచి ఓదెలు.

"నమ్మకుంటె తెల్లారి లేస్తనా?"

ఇద్దరూ ఎప్పుడూ ఇలాగే ఉండేవారు. ఒకరి మాట ఇంకొకరు పడనిచ్చేవారు కాదు.

నేను ఇచ్చిన కాగితం

తరగతి నడిపించే శిక్షణ అధికారి కోస్తా నుంచి వచ్చినవాడు. చెడ్డవాడని రాయలేను. మా వాళ్ళు పైకి రావాలని నిజంగానే కోరుకున్నాడు. కాకపోతే పైకి రావడమంటే పరీక్ష పాస్ కావడం అనే అతనికి తెలుసు. ఒకరోజు నన్ను పిలిపించి, మాస్టారూ, కథలు తర్వాత చెప్పుకుందాం, ముందు ఫలితాలు కావాలి అన్నాడు. పరీక్షలో ఒక మాదిరి రిపోర్టు రాయమంటారు. అది బట్టీ పట్టిస్తే చాలునన్నాడు.

నాకు ఆ మాట నచ్చలేదు. అయినా రెండు రోజుల్లో చేసి ఇచ్చాను. ఒక కాగితం మీద పద్నాలుగు వాక్యాలు. పని జరిగే చోట్లన్నీ చూశాను, పైకప్పును పరీక్షించి సురక్షితంగా ఉన్నట్టు గమనించాను, గాలి సరిగా ఆడుతోంది, ఇలా. చోటు పేరు, అంకె రాసుకోవడానికి మధ్యలో ఖాళీలు. వాక్యాలన్నీ 'హావ్' పెట్టి, ఒక్క తప్పు లేకుండా కుదిరాయి. శిక్షణ అధికారి దాన్ని సైక్లోస్టైల్ చేయించి పంచాడు.

కనకయ్య కాగితం రెండు వైపులా తిప్పి చూశాడు.

"సార్, రూఫ్ మంచిగ లేకుంటె ఏం రాయాలె? గా మాట ఇందుల లేదు."

పరీక్షలో అది అడగరు, పాసయ్యాక చూద్దాం అన్నాను. ఈ మాట నేను అన్నది అక్షరాలా నాకు గుర్తుంది.

ఆ ఏడు మా తరగతిలో ఒక్కరు తప్ప అందరూ పాసయ్యారు. తప్పింది కనకయ్య. కాగితంలోని వాక్యాలు రాయకుండా తన మాటల్లో రాయబోయాడని తర్వాత తెలిసింది. అతను బొగ్గు నింపే పనిలోనే ఉండిపోయాడు. ఓదెలు సర్దార్ అయ్యాడు. నా కాగితం చేయి నుంచి చేయికి పాకి శ్రీరాంపూర్ వైపు గనుల దాకా వెళ్ళింది. ఎవరో ఒకతను దాన్ని అద్దం కట్టించి పెట్టుకున్నాడని విని సంతోషించాను.

సర్దార్ అయిన ఏడాదికి ఓదెలు మళ్ళీ తరగతికి రావడం మొదలుపెట్టాడు, ఓవర్‌మన్ పరీక్ష కోసం. ఒక సాయంత్రం మాటల్లో, ఇప్పుడు రిపోర్టుకు ఫికర్ లేదు సార్ అన్నాడు. ఇంగ్లీషులో రాయాలంటే షిఫ్టు అయ్యాక అలసిన చేతులతో గంట పట్టేదట. ఇప్పుడు సర్దార్లంతా పొద్దున దిగకముందే, నా కాగితంలోని వాక్యాలు పుస్తకంలోకి ఎక్కించి ఉంచుతున్నారట. షిఫ్టు అయ్యాక అంకెలు వేసి సంతకం పెట్టి పోవడమే. నాకు చూపిద్దామని అలా ముందుగా రాసిన రిపోర్టును తన నోటుబుక్కులోకి ఎక్కించి తెచ్చాడు.

నేను చదివాను. ఎర్ర పెన్సిలు తీసి, ఒకచోట వదిలేసిన 'ద' అనే ఆర్టికల్ చేర్చాను. చేతిరాత బాగుపడిందన్నాను.

ఇంకా చూడని పైకప్పును చూశానని రాసి ఉన్న పుట అది. ఆ రూపానికి అర్థం పూచీ అని అతనికి చెప్పినవాణ్ణి నేనే. నాకు ఆ క్షణాన అది తట్టలేదని చెప్పుకుంటే బాగుండును. తట్టింది. అందరూ అలాగే చేస్తున్నారంటున్నాడు, షిఫ్టులో ఎలాగూ తిరిగి చూస్తారు కదా అనుకున్నాను. నా వాక్యాలు పనిచేస్తున్నాయన్న తృప్తి కూడా ఉంది. ఈ వృత్తిలో నేను చేసిన పెద్ద తప్పు ఏదని ఎవరైనా అడిగితే, ఆ ఎర్ర గీత చూపిస్తాను.

వేళకాని సైరన్

ఇది డెబ్భైల మొదట్లో జరిగింది. ఆ వారం ఓదెలుది మొదటి షిఫ్టు, కనకయ్యది రెండోది. మధ్యాహ్నం చివరి చుట్టు తిరుగుతుంటే, రెండు దారులు కలిసేచోట ఓదెలుకు బోలు చప్పుడు వినిపించింది. మళ్ళీ తట్టాడు. అదే చప్పుడు. అటు ఎవరూ పోకుండా అడ్డం కట్టడానికి దగ్గర్లో కర్రలు లేవు. షిఫ్టు అయిపోయింది, మనుషులు పైకి పోతున్నారు.

పైకి వచ్చి పుస్తకం తెరిచాడు. పొద్దున రాసిన వాక్యం అందులో ఉంది, పైకప్పు సురక్షితం అని. కొట్టివేతలుంటే మేనేజరు ఊరుకునేవాడు కాదు. కొట్టేసినా, బోలు చప్పుడు వచ్చిందని ఇంగ్లీషులో ఎలా రాయాలో ఓదెలుకు తెలియదు. వచ్చే సర్దార్‌కు నోటితో చెబుదామని వెతికాడు. దిగేవాళ్ళకు దీపాలిచ్చే ల్యాంప్ రూంలో అతను లేడు. హాజరు వేసే గుమాస్తాకు, సర్దార్ రాగానే ఫలానా చోట పని పెట్టొద్దని చెప్పమన్నాడు. ఆ గుమాస్తా ముందు అప్పటికే మూడు వరసల్లో మనుషులున్నారు. ఓదెలు అంకెలు వేసి, సంతకం పెట్టి వచ్చేశాడు. తరగతికి వేళవుతోంది.

అయిదు దాటాక సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళ కాని సైరన్ ఎందుకు మోగుతుందో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. షెడ్డులోని వాళ్ళంతా లేచి పరుగెత్తారు. ఓదెలు ఒక్కడే లేవలేదు. పలక మీద చేయి పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు. ఏమిటి ఓదెలూ అన్నాను.

"గాడనే సార్," అన్నాడు. "గాడనే పడ్డది."

కొత్త సర్దార్ పుస్తకం చదివాడు, సురక్షితం అని ఉంది, సంతకం పెట్టి మనుషులను పంపాడు. గుమాస్తా మరిచిపోయాడు. బండ కింద దొరికిన మనిషి కనకయ్య. దవాఖానకు తీసుకుపోయేటప్పటికే ప్రాణం లేదు.

మంచి ఇంగ్లీషు

నాలుగు రోజులకు శిక్షణ అధికారి నన్ను పిలిచాడు. బయటినుంచి విచారణకు అధికారి వస్తున్నాడు, ఓదెలు ఇవ్వాల్సిన వాంగ్మూలం ఆఫీసులో తయారు చేశారు, ఇంగ్లీషు ఒకసారి సరిచూడండి మాస్టారూ అన్నాడు. ఓదెలు మాటగా రాసిన దాని సారాంశం ఇది: నేను చూసినప్పుడు పైకప్పు సురక్షితంగానే ఉంది, ఆసరాలు పెట్టని చోటికి పోకుండా కట్టిన అడ్డాన్ని దాటి మృతుడు తనంత తానుగా వెళ్ళాడు. ఓదెలు సర్టిఫికెట్ నిలబడుతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు అన్నాడు అధికారి. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు అని కూడా అన్నాడు.

ఆ రోజు జరిగిందంతా ఓదెలు నాకప్పటికే చెప్పాడు. అయినా నేను రెండు తప్పులు దిద్ది కాగితం తిరిగిచ్చాను. ఓదెలును కాపాడుతున్నాననుకున్నాను. నన్ను కాపాడుకుంటున్నానని కూడా తెలుసు. పద్నాలుగు వాక్యాల కాగితం ఎవరు రాశారన్న ప్రశ్న రాకపోతే మంచిదే కదా.

మర్నాడు పొద్దున లస్మక్క మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ కూర్చోమంటే అరుగు మీదే కూర్చుంది. ఆఫీసులో ఎవరో ఆమెతో, నీ మొగనిదే తప్పని కాగితం తయారైంది అన్నారట. చదువుకున్నవాళ్ళలో ఆమెకు తెలిసినవాణ్ణి నేనే కనుక నా దగ్గరికి వచ్చింది.

"కాయిదంల ఏమున్నదో ఉన్నదున్నట్టు చెప్పుండ్రి సారు."

చెప్పాను. అడ్డం దాటి పోయాడని ఉంది అన్నాను.

"అడ్డం ఎవలు కట్టిండ్రు?"

అది కాగితంలో రాయలేదన్నాను.

"మా ఆయన పదిహేనేండ్ల సంది బాయిల దిగిండు. అడ్డం ఉంటె దాటేటోడు కాదు. సంటిపిల్లను ఎత్తుకున్నట్టు రూఫ్ కింద ఒదిగి నడిసేటోడు. సచ్చినోడు ఎట్లనన్న సచ్చిండు. తెలివిలేక సచ్చిండంటె నేను ఊకోను సారు." కొంచెం ఆగి, "నా తమ్ముడు మా ఇంటి దిక్కు రాక ఐదు దినాలాయె. గదేందో మీకు తెలుసా?" అంది.

తెలియదన్నాను. ఆమె నా ముఖం చూసి లేచి వెళ్ళిపోయింది. మా ఆవిడ లోపల్నుంచి అంతా వింటూనే ఉంది. ఆ పూట అన్నం వడ్డించి అవతలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఓదెలు క్వార్టర్‌కు వెళ్ళాను. సెలవు పెట్టి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆఫీసు వాంగ్మూలం పక్కనే ఉంది, సంతకం పెట్టలేదు. నా దిద్దుబాట్లు ఎర్రగా కనిపిస్తున్నాయి.

"సర్టిఫికెట్ పోతె మల్ల తట్ట పట్టాలె. పడ్త, నాకేం కొత్త గాదు," అన్నాడు. "నిజం చెప్తె బావను నేనే సంపినట్టు. చెప్పకుంటె బావ తనంత తనే సచ్చినట్టు. అక్క మొఖం ఎట్ల సూడాలె సార్, ఏం చేసినా?"

సంతకం పెట్టమనీ, పెట్టొద్దనీ చెప్పడానికి నాకు హక్కు లేదనిపించింది. నా సంగతి మాత్రం చెప్పాను. విచారణకు నేనూ వస్తాను, ఆ పద్నాలుగు వాక్యాలు రాసింది నేనని, ముందే రాసి ఉంచుతున్నారని నాకు తెలుసునని చెబుతాను అన్నాను. ఓదెలు వాంగ్మూలం మడిచి నా చేతిలో పెట్టాడు.

"నాకు ఇంగ్లీషుల చెప్పరాదు. తెలుగుల చెప్త. మీరు పక్కన నిలవడి, నేనన్నది అన్నట్టే చెప్పుండ్రి. మంచిగ జెయ్యకుండ్రి."

విచారణ

విచారణ అధికారికి తెలుగు రాదు. నేనే తర్జుమా చేయాల్సి వచ్చింది. ఓదెలు నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్కో మాటా చెప్పాడు. కర్రతో తట్టిన. బోలు చప్పుడైంది. మల్ల తట్టిన. అడ్డం కట్టలేదు. పుస్తకంల రాయలేదు. గుమాస్తాకు చెప్పిన. క్లాసుకు పోయిన. నేను ఒక్కోదాన్నీ ఇంగ్లీషులో చెప్పాను. ఇన్నేళ్ళు పన్నెండు గళ్ళు మోసినవాణ్ణి, ఆ పూట ఒక్క గడిలోని రూపంతోనే మొత్తం చెప్పగలిగాను. జరిగిన పని జరిగినట్టు చెప్పేవాడికి ఎక్కువ వ్యాకరణం అవసరం పడదు.

అధికారి పుస్తకం వెనక్కి తిప్పుతూ పోయాడు. నెలల తరబడి, వేరువేరు చేతిరాతల్లో, అవే వాక్యాలు. పైకప్పు ఒక్కరోజైనా బాగాలేకపోవడం జరగలేదా అని అడిగాడు. జరిగింది, అప్పుడు నోటితో చెప్పుకునేవాళ్ళం అన్నాడు ఓదెలు. మరి తెలుగులో రాయవచ్చు కదా, ఎవరితోనైనా చదివించుకునేవాణ్ణి, నాకేమీ అభ్యంతరం లేదు అన్నాడు అధికారి. నేను ఆ మాట తెలుగులో చెప్పాను. ఓదెలు నా వైపు చూశాడు.

"రాయొచ్చా సార్?"

నాకు తెలియదు. అంతకు ముందు నేనెవరినీ అడగలేదు. ఇంగ్లీషులోనే రాయాలన్నది ఎక్కడ ఉందో చూడకుండా, అన్నేళ్ళు అందుకోసమే ఇంగ్లీషు నేర్పాను.

తర్వాత నా వంతు. కాగితం సంగతి, ఎర్ర పెన్సిలు సంగతి చెప్పాను. ఆఫీసు వాంగ్మూలాన్ని దిద్దిన సంగతి కూడా చెప్పాను. గది అవతలి చివర శిక్షణ అధికారి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత చాలాకాలం నాతో మాట్లాడలేదు. బదిలీ మీద వెళ్ళిపోయే ముందు వచ్చి, మాస్టారూ, మీ కాగితం నేనే సైక్లోస్టైల్ చేయించాను, మీరు ఆ మాట అక్కడ అనలేదు అన్నాడు. అంతే అన్నాడు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

ఆ తర్వాత తరగతి కొన్నాళ్ళు ఆగి మళ్ళీ మొదలైంది. మొదటి రోజు నేర్పే వాక్యం మార్చాను. పైకప్పు బాగాలేదు, ఇక్కడ పని పెట్టవద్దు. ఇది రాయడం వచ్చాకే బాగుంది అని రాయడం నేర్పాను. ఇంగ్లీషులో తోచకపోతే తెలుగులో రాసి సంతకం పెట్టమని రోజూ చెప్పేవాణ్ణి. పరీక్ష ఫలితాలు కొంచెం తగ్గాయి.

మీకు నేను చెప్పగలిగింది తక్కువ. కాలాల పట్టికలు పుస్తకాల్లో బాగానే ఉంటాయి, వాటి గురించి కంగారు పడకండి. నేర్చుకునేవాడు ఆ వాక్యంతో రేపు ఏం చేస్తాడో మాత్రం అడగండి. సిద్ధం చేసిన వాక్యాలు ఇవ్వకుండా మన పని జరగదు. ఇచ్చినప్పుడు, సంగతి చెడిపోయినప్పుడు చెప్పడానికి కూడా వాక్యం ఇచ్చారా లేదా చూసుకోండి. భయం చెప్పడానికి మాటలు లేనివాడు అంతా బాగుందనే రాస్తాడు. అబద్ధం ఉన్న పుట మీ ముందుకు వస్తే, అందులో అక్షరాలు దిద్దకండి. పుస్తకం మూసి మనిషితో మాట్లాడండి. వెనక బెంచీలోంచి వచ్చే ప్రశ్నను పరీక్ష తర్వాతకు వాయిదా వేయకండి. నేను వేశాను.

విచారణలో తేలింది

విచారణ అయిన మూడు వారాలకు తీర్పు కాగితం వచ్చింది. ఓదెలు సర్టిఫికెట్ కొంతకాలం ఆపేశారు. అతను అప్పటికే తట్ట పట్టుకుని బొగ్గు నింపడానికి దిగుతున్నాడు. దాని నకలు ఒకటి లస్మక్కకు పంపారు. చదివి చెప్పమని కబురు పెడితే వెళ్ళాను. వాకిట్లో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నేను మొదటినుంచీ చదివి, తెలుగులో చెబుతూ వచ్చాను. ప్రమాదంలో మృతుడి తప్పు ఏమీ లేదు అన్నచోట ఆమె చేయి ఆగింది. మళ్ళీ చెప్పమంది. చెప్పాను. మూడోసారి ఇంగ్లీషులోనే చదవమంది. చదివాను. అర్థం తెలియకపోయినా తల దించుకుని చివరిదాకా వింది.

"గీ సంగతి చెప్పిందెవలు సారు? మీరా?"

"ఓదెలు. అందరి ముందట నిలబడి చెప్పాడు. తను రాయనిదీ, అడ్డం కట్టనిదీ అంతా."

ఆమె మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. చాటలో సగం దాకా వచ్చాక అంది.

"వాన్ని రమ్మనుండ్రి. నాకు కోపమున్నది. ఉంటది గూడ. అయినా రమ్మనుండ్రి."

మూడింటికి షిఫ్టు వదిలే దాకా గని గేటు దగ్గర నిలబడ్డాను. ఓదెలు ముఖం కూడా కడుక్కోకుండా వచ్చాడు. అక్క రమ్మంటోంది అన్నాను. ఇంకేమన్నదని అడగలేదు. ఇంటికి పోయి స్నానం చేసి వస్తానని కూడా అనలేదు. నాతోపాటే నడిచాడు. వాళ్ళ సందు మొదట్లో నేను ఆగిపోయాను.

ఓదెలు వాకిలి బయట నిలబడ్డాడు. లస్మక్క లోపలికి వెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను వంగి కాళ్ళు కడుక్కున్నాడు. నల్లటి నీళ్ళు వాకిట్లోకి పారాయి. తర్వాత ఇద్దరూ లోపలికి వెళ్ళారు.